పాత సీసా - కొత్త సరకు

(ఒక పఠనమందిరమున మేము చేసిన ప్రసంగము)



సభ ఆరంభమగుటకు ముందే మీలో పలువురు నీళ్లు త్రాగి, ఖాళీ సీసాలను కుర్చీల క్రింద పెట్టితిరి. అవి రేపు ఎవరి చేతులలో పడును? మరల ఏ సరకై మన యింటికి వచ్చును? నేటి మా విషయ మిదియే.

మేలు ముందు చెప్పెదము. మనదేశము వాడు ముడినూనెలో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. ప్లాస్టిక్కు ఆ నూనెనుండియు, సహజవాయువునుండియు పుట్టునది. పాతసీసాను కడిగి, తునకలు చేసి, కరగించి గింజలుగా మార్చినచో ఆ మేరకు కొత్త ముడిసరకు అక్కర తగ్గును. ఖర్చగు శక్తియు చాల తక్కువ. ఆ గింజలే పాలియెస్టరు నూలై, చొక్కాయై, బకెట్టై, కుర్చీయై తిరిగి వచ్చుచున్నవి. ఇది నిక్కమైన లాభము. దీనిని చులుకన చేయువారితో మేము ఏకీభవింపము.

కాని ప్లాస్టిక్కు ఇనుమువంటిది కాదు. ఇనుమును ఎన్నిమారులు కరగించినను ఇనుమే. ప్లాస్టిక్కులో పొడుగాటి అణువుల గొలుసులు గలవు. వేడికిని తేమకును అవి తెగి పొట్టివగును, సరకు బలము తగ్గును. అందుచేత సీసా మరల సీసా యగుటకంటె నూలగుటయే ఎక్కువ. పత్తితో కలిసిన ఆ నూలు చొక్కాయై చినిగిన పిదప దానిని విడదీయుట దుష్కరము. అనగా చెత్త తొలగిపోలేదు, వాయిదా పడినది. ప్రపంచమున 2015 వరకు ఏర్పడిన ప్లాస్టిక్కు వ్యర్థములో మరల వాడుకకు మరలినది నూటికి 9 పాళ్లు మాత్రమేయని 2017 లో వెలువడిన ఒక పరిశోధన లెక్కకట్టినది.

ఇక అసలు చిక్కునకు వచ్చెదము. అన్ని ప్లాస్టిక్కులును ఒకటి కావు. నీటిలో వేసినచో పాలసంచులు, నూనెడబ్బాలు తేలును. నీళ్లసీసాల పెట్ మునుగును. పైపులు చేయు పీవీసీయు మునుగును. బరువున రెండును ఇంచుమించు సమానము, కావున నీరు వానిని వేరుచేయజాలదు. పెట్ కరగుటకు దాదాపు 250 డిగ్రీల వేడి కావలెను. ఆ వేడిలో పీవీసీ మాడి, ఘాటైన ఆమ్లవాయువును గ్రక్కి, చుట్టునున్న పెట్‌ను పచ్చబరచి చెరచును. మంచి సరకును పాడుచేయుటకు కొద్దిపాటి పీవీసీ చాలును.

దీనిని ఆపునది యెవరు? పెద్ద కర్మాగారములలో యంత్రములున్నవి. హైదరాబాదులోని కాటేదాను వంటి వాడలలోని చిన్న కర్మాగారములకు సరకు చేరులోపల, అనేకచోట్ల, నేలపై కూర్చుండి చేతితో వంచి, నలిపి చప్పుడు విని, అంచు కాల్చి వాసనచూచి వేరుచేయు మనుష్యులే ఆ యంత్రములు. వారిలో స్త్రీలు పెక్కురు. గింజయొక్క గుణమంతయు వారి వ్రేళ్లలో నున్నది. లాభములో కడపటి పాలు మాత్రము వారిది. ఆ పొగ వారి రొమ్మునకు చేయు చెరుపును ఏ ఖాతాలోను ఎక్కించుట లేదు.

ధరయు వారి చేతిలో లేదు. 2020 లో ముడినూనె ధర పడిపోయినప్పుడు కొత్త పెట్ పాతదానికంటె చౌకయయ్యెను. అట్టి సమయమున కర్మాగారపువారు కొత్తదానిని కొందురు. తుక్కు అంగడివాడు కిలోధర తగ్గించును. ఏరినవారు ఏరిన శ్రమయే మిగులును.

ప్రభుత్వము దీనికి విరుగుడు తలపెట్టినది. 2022 నాటి నియమములు గట్టి ప్లాస్టిక్కు డబ్బాలు, సీసాలలో 2025-26 నుండి నూటికి 30 పాళ్లు పాతసరకు కలుపవలెననినవి. గిరాకి నిలుచుటకు ఇది మంచి యుపాయమే. అయితే నియమముతోపాటు ధ్రువపత్రములు పుట్టినవి, వానితోపాటు దొంగపత్రములును పుట్టినవి! 2023 లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలో ఆరులక్షలకు పైగా బూటకపు పత్రములు బయటపడెను. కాగితముపై కరగిన ఆ ప్లాస్టిక్కు ఏ కాలువలో నున్నదో!

తిండి విషయమున మరింత జాగరూకత వలయును. పురుగుమందు డబ్బాయు నూనెడబ్బాయు ఒకే జాతివి కావచ్చును. కరగినపిదప ఏది యేదో కన్ను చెప్పజాలదు. తినుబండారములకు పాతప్లాస్టిక్కును 2018 లో నిషేధించిన ఆహార భద్రతా సంస్థ, 2022 లో ప్రమాణములకు లోబడిన సరకునకు త్రోవ తెరచినది. ఆ త్రోవ పరీక్షింపబడిన కర్మాగారములకే గాని, సంతలో గుర్తులేని నల్లడబ్బాకు కాదు. అట్టిదానిలో పచ్చడి పెట్టవలదని మీ ఇండ్లలో చెప్పుడు.

మన పట్టణమున చేయదగినది కలదు. వేరుచేయు పనికి ఒక పందిరి, సరియైన కాటా, చేతితొడుగులు, జాతివారీగా నేటి ధర వ్రాసిన పలక. ఇంటివద్దనే తడిచెత్త కలియకుండ పొడిచెత్త నిచ్చుట. కడిగి యిచ్చిన సీసాకు మురికిసీసాకంటె ఎక్కువ ధర పలుకును. ఆ యెక్కువ ఏరినవారికి చేరవలెను. ఈ మేరకు మునిసిపాలిటీవారికి విన్నపము వ్రాసితిమి. సంతకము చేయదలచినవారికై కాగితము తలుపుచెంత బల్లపై నున్నది. వెళ్లునప్పుడు కుర్చీక్రింది సీసాలను, మూతలు వేరుచేసి, ప్రక్కనున్న గోనెలో వేయుడు.