కాంపౌండు గోడ దాటిన మొక్కలు



మాధవీలత పేరు తెలుగు సాహిత్యం చదివినవాళ్లందరికీ తెలుసు. ప్రబంధాల్లో మామిడి గున్నను అల్లుకునే తీగ అది. కుచ్చులా చీలిన రేకుల అంచులు, ఒక రేకు మీద పసుపు మరక, దూరం నుంచే పలకరించే పరిమళం. అందం కోసమే దాన్ని హిందూ మహాసముద్రంలోని మారిషస్, రీయూనియన్ దీవులకు పట్టుకెళ్లారు. మాధవి కాయకు మూడు రెక్కలుంటాయి. ఎండాక అది గాలిలో గిరగిరా తిరుగుతూ పోయి ఎక్కడో పడుతుంది. అలా తోటలోంచి అడవికి చేరిన తీగ అక్కడి చెట్ల తలల మీదికెక్కి, ఎండ తగలకుండా కప్పేస్తోంది. ప్రపంచంలోకెల్లా హానికరమైన 100 ఆక్రమణ జాతులంటూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం నిపుణులు తయారుచేసిన జాబితాలో మాధవీలత కూడా ఉంది. తరతరాలుగా తెలుగు కుటుంబాలు ఉగాది చేసుకుంటున్న మారిషస్‌లో అది పీకి పారేయవలసిన కలుపు.

ఇక్కడ మాధవిని తినే పురుగులున్నాయి, దాన్ని పట్టి ఆపే తెగుళ్లున్నాయి, దానితో పోటీపడి పెరగడం అలవాటైన చెట్లున్నాయి. సముద్రం దాటింది తీగ ఒక్కటే. అడ్డూ ఆపూ లేని కొత్త నేల దొరికిన మొక్క ఎలా ప్రవర్తిస్తుందో ఆ దీవులు చూపించాయి. సరిగ్గా అదే పద్ధతిలో ఎదురు దిశ నుంచి మన నేలకు చేరిన మొక్కల గురించే ఈ ఉపన్యాసం. వాటిలో చాలా భాగం దొంగదారిన రాలేదు. పూలు బాగున్నాయని ఎవరో కొని, కుండీలో పెట్టి, నీళ్లు పోసి పెంచినవే.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. పరదేశం నుంచి వచ్చిన మొక్కలన్నీ ప్రమాదకరం కావు. మిరప, టమాటా, వేరుశనగ, సీతాఫలం, ఆఖరికి బతుకమ్మలో పేర్చే బంతి కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. వాటితో పేచీ లేదు. టమాటా నారు పోసి, కలుపు తీసి, నీరు కట్టకపోతే మరుసటి ఏడు ఆ మడిలో టమాటా కనిపించదు. మనిషి చెయ్యి వదిలేసినా బతికి, గోడ దాటి, అవతల ఉన్నవాటిని తోసేసి ఆ చోటంతా తానే నిండిపోయేదాన్ని ఆక్రమణ మొక్క అంటారు. పుట్టిల్లు ఎక్కడన్నది కాదు, గోడ దాటాక ఏం చేస్తుందన్నదే పరీక్ష.

ఆ పరీక్షలో అందరికన్నా ముందు నిలిచేది లంటానా. ఊళ్లలో దాన్ని పులికంప అనీ, తలంబ్రాల చెట్టు అనీ అంటారు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు దాని సొంత ఊరు. ఐరోపా తోటల్లో రకరకాల రంగులు పుట్టించాక, 1800ల తొలి ఏళ్లలో పూలమొక్కగా కలకత్తాకు తెచ్చారు. ఒకే గుత్తిలో కొన్ని పూలు పసుపుగా, కొన్ని నారింజగా, కొన్ని గులాబిగా ఉంటే ఎవరికి ముచ్చట వేయదు? ఆ గుత్తి చిన్న చిన్న నల్లటి పండ్లుగా మారుతుంది. పిట్టలకు అవి ప్రాణం. పండు తిన్న పిట్ట ఏ కొమ్మ మీద వాలితే దాని కింద విత్తనం పడుతుంది. పశువులు మాత్రం ఆ ఆకు జోలికి పోవు. గత్యంతరం లేక తింటే అందులోని లాంటడీన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఎండ తగిలిన చోట చర్మం పుండ్లు పడుతుంది. అంటే మేకా గొడ్డూ చుట్టుపక్కల గడ్డినంతా మేసేసి లంటానాను మాత్రం వదిలేస్తాయి. దాని పోటీదారులను మన పశువులే తొలగించి పెడుతున్నాయన్నమాట. భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా, సుమారు 1,54,000 చదరపు కిలోమీటర్ల మేర లంటానా వ్యాపించింది. గడ్డి పోయిన చోట జింక నిలవదు. జింక లేని చోట పులికి పనిలేదు.

దాన్ని వదిలించుకోవడం ఎందుకంత కష్టమో దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. కత్తితో మొదలంటా నరికిన లంటానా వాన పడగానే నరికిన చోటు నుంచి గుత్తులు గుత్తులుగా చిగురిస్తుంది. కాండం వేరుగా మారే చోట, నేల మట్టానికి కొంచెం అటూ ఇటూగా, ఆ మొగ్గలన్నీ దాగి ఉంటాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం దీనికో పద్ధతి కనిపెట్టింది. గునపంతో మట్టి కాస్త తొలిచి, ఆ మొగ్గల భాగానికి కిందుగా తల్లివేరును తెగ్గొట్టాలి. పొదను ఎత్తి తలకిందులుగా, వేళ్లు ఆకాశం వైపు ఉండేలా పడేయాలి. మట్టి తగలక అది ఎండిపోతుంది. ఆ తర్వాత ఖాళీ అయిన నేలలో స్థానిక గడ్డి వేయాలి, పిట్టలు వాలే చెట్ల కింద మొలిచే పిలకలను ఏటా పీకుతుండాలి. ఇదంతా ఒక్క పొద సంగతి. అడవిలో అలాంటివి ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

నేల మీది సంగతి అలా ఉంటే, నీటి మీది సంగతి గోదావరి డెల్టా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. గుర్రపు డెక్క అమెజాన్ పరీవాహకపు మొక్క. ఊదా రంగు పూల మీద నెమలి కన్ను లాంటి పసుపు చుక్క చూసి మురిసిపోయి, 19వ శతాబ్దంలో దాన్ని తోట కొలనుల కోసం దేశదేశాలకు పంచారు. ఆకు కాడను నిలువునా చీల్చితే లోపలంతా గాలి గదులే. అందుకే అది మునగదు. పక్కలకు పిలకలు వేస్తూ, అనుకూలమైన వేడీ ఎరువూ ఉన్న నీటిలో రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. బెంగాల్‌లో పడవలు కదలక, వరి మడులు మునిగి జనం ఎంత అల్లాడారంటే, 1936లో ఆ ఒక్క మొక్క కోసమే ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. ఇవాళ కొల్లేరులోనూ, డెల్టా కాలువల్లోనూ గుర్రపు డెక్క నీటి దారి మూసేస్తోంది. దాని దెబ్బ ముందు తగిలేది శివారు రైతుకే. నీటిలోకి వెలుతురూ గాలీ తగ్గిపోయి చేపలు చచ్చిపోతాయి, నిలిచిన నీటిలో దోమలు పెరుగుతాయి. బెంగళూరులో 1980ల్లో దాన్ని తినే దక్షిణ అమెరికా జాతి పెంకు పురుగులను తెప్పించి వదిలితే కొన్ని చెరువులు తేటపడ్డాయి. మురుగు నీరు కలుస్తూ ఉన్నంతకాలం మొక్కకు ఎరువు అందుతూనే ఉంటుంది కాబట్టి పురుగు ఒక్కటే ఆ పని చేయలేదు. ఇంత చరిత్ర ఉన్న మొక్కను మిద్దె తోటల్లోని తొట్లలో అందానికి పెట్టుకోవడం నేటికీ ఆగలేదు. తొట్టి కడిగిన రోజున మిగిలిన పిలకలు కాలువలో పడితే చాలు.

2020లో కేరళ కోళికోడ్ జిల్లా ఆవలపాండిలో ఒక కాలువ నిండా గులాబి రంగు పూలు పూశాయి. ఫొటోలు చూసి జనం తండోపతండాలుగా వచ్చారు. ఆ మొక్క కబొంబా. చేపల తొట్లలో అలంకారానికి పెంచే దక్షిణ అమెరికా నీటి మొక్క. చూడటానికి వచ్చినవాళ్లలో కొందరు పూలతో పాటు తీగలను కూడా ఇంటికి తీసుకుపోయారు. దాన్ని మరో నీటిలో వేయవద్దని వృక్షశాస్త్రజ్ఞులు హెచ్చరించవలసి వచ్చింది. తుంచిన ముక్క నుంచి కొత్త మొక్క వచ్చే జాతులతో ఎప్పుడూ ఇదే తంటా.

ముక్క నుంచి మొలిచే గుణం ఎంత దూరం తీసుకెళుతుందో బ్రిటన్ చూసింది. జపాన్ నుంచి సీబోల్ట్ అనే వైద్యుడు తెచ్చిన నాట్‌వీడ్ మొక్కకు 1847లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ ఉద్యాన సంఘం బంగారు పతకం ఇచ్చింది. 1850లో అది లండన్ క్యూ తోటకు చేరింది. బ్రిటన్‌లో కనిపించే ఆ జాతి మొక్కలు దాదాపు అన్నీ ఒకే ఆడ మొక్క నుంచి ముక్కలుగా పుట్టినవే. గ్రాము బరువు కూడా లేని దుంప ముక్క చాలు, మళ్లీ లేస్తుంది. అక్కడ 1981లో చేసిన చట్టం ప్రకారం దాన్ని బయట నాటడం, వ్యాపింపజేయడం నేరం. ఇంగ్లండులో ఇల్లు అమ్మేవారు నింపే పత్రంలో స్థలంలో నాట్‌వీడ్ ఉందా అన్న ప్రశ్న ఉంటుంది. అక్కడ ఇల్లు కొనుక్కునే తెలుగు కుటుంబాలూ ఆ గడిని చూసే ముందుకు వెళ్లాలి. ఒకప్పుడు పతకం తెచ్చిన అందమే నేడు ఇంటి ధర తగ్గించే కారణమవుతోంది.

మన పెరళ్లలో ఇలాంటి గుణమే ఉన్న మొక్క వెడీలియా. నిగనిగలాడే ఆకులు, పసుపు రంగు చిన్న పూలతో నేలంతా పరుచుకుంటుంది. రోడ్డు డివైడర్ల మీద, అపార్టుమెంట్ల ముందు, గడ్డికి బదులు వేస్తున్నారు. నీడలో పెరుగుతుంది, ఎండకు తట్టుకుంటుంది, అడుగడుక్కీ నీళ్లు అడగదు. దాని తీగ ఒకటి పైకెత్తి చూస్తే, మట్టి తాకిన ప్రతి కణుపు దగ్గరా తెల్లటి వేళ్ల కుచ్చు ఉంటుంది. కత్తిరించి ముక్కలు చేస్తే ఒక మొక్క పది మొక్కలవుతుంది. దీనికి విత్తనంతో పెద్దగా పనే లేదు. కత్తిరింపు చెత్తను చెరువు గట్టు మీద పారబోసేవాళ్లే దాన్ని నాటుతున్నారు. మాధవీలత ఉన్న ఆ 100 జాతుల జాబితాలోనే వెడీలియా కూడా ఉంది. లంటానా, గుర్రపు డెక్క, నాట్‌వీడ్ సరేసరి. గట్టు మీద అది దట్టంగా పరుచుకున్న చోట గరిక, సరస్వతి ఆకు లాంటివి మొలిచే సందు దొరకదు.

ఈ మధ్య బాగా వినపడ్డ పేరు కోనోకార్పస్. సోమాలియా వైపు పెరిగే చెట్టు అది. తెలంగాణలో రోడ్ల వెంట విస్తారంగా నాటి, 2022లో ఇక నాటవద్దన్నారు. గుజరాత్ 2023లో నిషేధించింది. పుప్పొడితో అలర్జీ అనీ, వేళ్లు నీటి గొట్టాల్లోకీ డ్రైనేజీల్లోకీ చొరబడతాయనీ దాని మీది ఫిర్యాదులు. ఇళ్ల పక్కన దాన్ని నాటకపోవడమే మంచిది. అయితే ఇక్కడ అది లంటానాలా విత్తనం చల్లుకుంటూ అడవిలోకి పాకడం లేదు. నర్సరీల్లో కొమ్మ గుచ్చి పెంచితేనే వస్తోంది. ఆ కోలాహలంలో నిజంగా గోడ దాటుతున్నవి కంటికి ఆనడం లేదు.

నష్టం లెక్కకు వస్తే, జీవవైవిధ్యం మీద పనిచేసే అంతర్ప్రభుత్వ వేదిక 2023లో ఒక నివేదిక ఇచ్చింది. మొక్కలూ జంతువులూ క్రిములూ అన్నీ కలిపి హానికరమైన ఆక్రమణ జాతులు 3,500కు పైగా ఉన్నాయనీ, 2019 నాటికి వాటి వల్ల ఏటా 42,300 కోట్ల డాలర్లకు పైగా నష్టమనీ అంచనా వేసింది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ఆక్రమణ జాతులకు మొదటిసారి నిర్వచనం ఇచ్చింది. వాటి దిగుమతి, అమ్మకం, పెంపకాలను నియంత్రించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. చట్టం చెరువు గట్టు దాకా రావడానికి కాలం పడుతుంది. పెరటి గేటు దగ్గర మాత్రం ఇవాళే చేయగల పనులున్నాయి.

కొనేటప్పుడు నర్సరీవారిని మూడు ప్రశ్నలు అడగాలి. ఇది విరిగిన ముక్క నుంచి మొలుస్తుందా? దీని పండ్లు పిట్టలు తింటాయా, విత్తనం గాలికి ఎగురుతుందా? నీళ్లు పోయకపోయినా, పట్టించుకోకపోయినా పెరుగుతుందా? మొదటి రెండింటిలో ఒకదానికైనా, మూడోదానికీ అవుననే జవాబొస్తే ఆ మొక్కను అక్కడే వదిలి రావడం మేలు. ‘చాలా త్వరగా అల్లుకుంటుందండీ’ అన్నమాట అమ్మేవారి నోట పొగడ్త. కొనేవారికి అది హెచ్చరిక.

ఇప్పటికే పెరట్లో ఉన్నవాటిని పూతకు ముందే, కాయ ముదరకముందే తీసేయాలి. తీసినదాన్ని కాలువలోనో, ఖాళీ స్థలంలోనో పారేయకూడదు. నీటి మొక్కలైనా, వెడీలియా తీగలైనా టార్పాలిన్ మీద పరిచి, పెళపెళలాడేదాకా ఎండబెట్టాకే ఎరువు గుంటలో వేయాలి. చేపల తొట్టి నీళ్లు మురుగు కాలువలో కాకుండా మొక్కల మొదట్లో పోయాలి. కంచెకు అడ్డసరం, గోరింట, తంగేడు ఉన్నాయి. పూలకు నందివర్ధనం, పారిజాతం, మల్లె. నీడకు కానుగ, పొగడ. తొట్టిలో కలువ. వీటి ఆకులు తినే పురుగులూ, పూలకు వచ్చే తుమ్మెదలూ ఈ నేలలోనే ఉన్నాయి.

గోదావరి డెల్టాలోనే నర్సరీలకు పేరున్న కడియం, కడియపులంక ఉన్నాయి. అక్కడి నుంచి దేశం నలుమూలలకూ లారీల నిండా మొక్కలు వెళ్తాయి. అక్కడ పెంచే మొక్క ఒక ఏడాదిలో నాగపూర్‌లోనో, కోయంబత్తూరులోనో వేల పెరళ్లలో ఉంటుంది. అందుకే ఆ నర్సరీ రైతులకు ఒక విన్నపం. ప్రతి మొక్కకూ వ్యాపార నామంతో పాటు శాస్త్రీయ నామం, దాని సొంత దేశం తెలుగులో చీటీ మీద రాసి కట్టండి. ఒకే మొక్క నాలుగు పేర్లతో అమ్ముడవుతున్నప్పుడు, నిషేధం వచ్చినా, హెచ్చరిక వచ్చినా కొనేవారు గుర్తుపట్టేది ఆ చీటీతోనే. పురపాలక ఉద్యానవనాల టెండర్లలోనూ అదే షరతు పెట్టించమని మీ వార్డు కౌన్సిలర్‌ను అడగవచ్చు. తొలకరికి మొక్కలు కొనే రోజులు రాకముందే ఆ మాట అడిగితే మంచిది.