ఇంటి చదువుకు పనిముట్లు

ఒకటవ తరగతిలో చేర్చుటకు ముందు, ఐదేళ్ల ప్రాయంలో, బిడ్డకు ఇంటివద్దనే చదువు చెప్పుకోవాలని తలపెట్టే తల్లిదండ్రులు అక్కడక్కడ కనిపిస్తున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరేళ్లు మొదలుకొని పద్నాలుగేళ్ల వరకు గల బాలబాలికలను ఉద్దేశించినది. కాబట్టి ఆరేళ్లు నిండేలోపల బిడ్డను ఎక్కడ, ఎట్లా చదివించాలన్న నిర్ణయం చాలవరకు ఇంటివారిదే. ఆ నిర్ణయం జరిగిన మరునాడే ఎదురయ్యే ప్రశ్న: ఏమేమి కొనాలి? అంగడిలో అక్షరమాల పటాలు, దిద్దుడు పుస్తకాలు, మీట నొక్కితే పలికే బొమ్మలు, ఫోను తెరపై ఆడే పాఠాలు కొల్లలుగా ఉన్నవి. డబ్బు మాట అటుంచి, ఎంపిక చెడితే కలిగే అసలు నష్టం వేరొకటి. చదువంటే విముఖత ఈ వయస్సులో ఒకసారి నాటుకున్నదంటే, దానిని పెకలించడం తరువాతి గురువులకు సైతం కష్టమవుతుంది.

మంచి పరికరానికి మేము చెప్పదలచిన గుర్తులు రెండే. అది బిడ్డ చేతికి పని కల్పించాలి. ఆ పనిలో జరిగిన పొరపాటును పెద్దల మందలింపు అక్కరలేకుండా బిడ్డకు తానే చూపించాలి.

ఇది నేటి ఆలోచన కాదు. 1840లో కిండర్‌గార్టెన్ అనే పేరు పెట్టిన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్, పసివారి చేతికి మొదట ఇచ్చినవి పుస్తకాలు కావు; ఉన్నిబంతులు, కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్తూపము. 1907లో రోమ్ నగరంలో శిశుగృహం తెరిచిన మరియా మాంటిసోరీ ఈ మార్గాన్ని మరింత ముందుకు నడిపించారు. ఆమె రూపొందించిన కొయ్యదిమ్మె ఒకటి ఉన్నది. దానిలో పది గుంటలు, వాటికి సరిపోయే పది బిరడాలు ఉంటవి. ఒక బిరడాను తప్పు గుంటలో పెడితే చివరకు ఒకటి ఎక్కడా ఇమడక మిగిలిపోతుంది. బిడ్డ తనంతట తాను సవరించుకుంటాడు. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన సంగతి మన ప్రాంతంవారికి తెలిసినదే. అంతకు పూర్వమే, 1920లో, గిజుభాయి బధేకా భావనగరంలో బాలమందిరం స్థాపించి ఈ పద్ధతిని గుజరాతు పిల్లలకు తగినట్లు మలచారు.

ఈ సూత్రాన్ని మన ఇంటిలో అమలు జరపడానికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు. మొదట లెక్కల సంగతి చూద్దాము. వామనగుంటల పీటకు పద్నాలుగు గుంటలు ఉంటవి గదా. వాటిలో పదింటి పక్కన ఒకటి మొదలు పది వరకు అంకెలు వ్రాసి, సరిగా 55 చింతగింజలు లెక్కపెట్టి బిడ్డ చేతికి ఇవ్వండి. అంకెకు తగినన్ని గింజలు వేసుకుంటూ పోతే చివరకు ఒక్కటి కూడా మిగలదు, తగ్గదు. మిగిలినా తగ్గినా, ఎక్కడో పొరపాటు జరిగినదని చెప్పడానికి పెద్దలు పలకనక్కరలేదు. తరువాత పది చీపురుపుల్లలు చొప్పున కట్టలు కట్టించండి. పదకొండు, పన్నెండు అనే మాటలలో పది దాగి ఉన్నది గాని పసివానికి అది వెంటనే కనిపించదు. పుల్లల కట్ట ఆ రహస్యాన్ని విప్పుతుంది. ఇరవై మూడు అంటే రెండు కట్టలు, మూడు పుల్లలు.

ఇక అక్షరాలు. ఇసుకలోనో, పళ్లెంలో పరచిన బియ్యంలోనో వ్రేలితో దిద్దించడం మనకు తరతరాలుగా వస్తున్న అలవాటు. దానికి తోడుగా గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి నున్నటి అట్టకు అంటించవచ్చు; వ్రేలు దారి తప్పితే ఆ నునుపే చెబుతుంది. యాభైకి పైబడిన అక్షరాలన్నీ ముగిసినగాని మాట చదవరాదనే నియమం లేదు. త, ల, వ, డ, ప, క అనే ఆరు అక్షరాలు వస్తే చాలు. తల, వల, వడ, పలక, పడవ, కడవ, పడక అని బిడ్డ చదవగలడు. ఒక్కొక్క అట్టపై ఒక వైపు బొమ్మ, మరొక వైపు మాట వ్రాసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క వంకరలో రెండుగా కత్తిరించండి. సరియైన జోడు మాత్రమే అతుకుతుంది.

దిద్దుడు పుస్తకాలను కూడ ఈ గీటురాయిపైనే పరీక్షించాలి. పుట తన తప్పును తాను చెప్పదు, ఎర్రసిరా చెప్పాలి. అందువలన ఈ వయస్సులో వాటి పాత్ర స్వల్పంగా ఉండడమే మేలు. కథల పుస్తకాల విషయం వేరు. పుటకొక బొమ్మ, నాలుగు ముక్కల వాక్యము, ఇంటిలో మాట్లాడే భాష ఉంటే చాలు. నేషనల్ బుక్ ట్రస్టువారివి, సికింద్రాబాదులోని మంచి పుస్తకంవారివి ఇటువంటివి తెలుగులో దొరుకుతవి. 2023 ఫిబ్రవరిలో కేంద్ర విద్యాశాఖ మూడు నుండి ఎనిమిదేళ్ల పిల్లల కోసం విడుదల చేసిన ‘జాదూయీ పిటారా’ పెట్టెలో సైతం ఆటవస్తువులు, చేతిబొమ్మలు, చిత్రాల కార్డులు, కథలు ఉండడం గమనించదగినది.

క్షేమం విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. గురివింద గింజలు చూపునకు అందమైనవి, లోపల విషము. లెక్కకు వాటిని వాడనే రాదు. చింతగింజలైనా చంటిబిడ్డ తిరిగే చోట విడిచిపెట్టరాదు. 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయినది. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉన్నది. అంకుడు కర్రతో, మొక్కల నుండి తీసిన రంగులతో చేసే ఏటికొప్పాక లక్కబొమ్మలు పసిచేతులకు తగినవి.

చివరగా ఒక్క మాట. అన్నీ ఒకేసారి ముందు పరచకండి. రెండు మూడు వస్తువులు అందుబాటులో ఉంచి, వారం రోజులు దూరం నుండి చూస్తూ ఉండండి. బిడ్డ దేనిని మళ్లీ మళ్లీ అడిగి తీసుకుంటాడో, అది వానికి ఇంకా ఏదో నేర్పుతున్నదన్నమాట. దేనిని ముట్టడో, దానిని మాట్లాడక అటకపై పెట్టండి. నెల తరువాత దించి చూడవచ్చును. కొనవలసినదేమిటో అంగడివాని కంటె ఆ పసిచేతులే మీకు బాగుగా చెప్పగలవు.