ఇంజనీరునకు ఒడంబడిక విద్య
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

 

నేను లెక్కలు వ్రాయువాడను. న్యాయవాదిని గాను, ఇంజనీరును గాను. ఈ గ్రంథాలయమున చదువుకొన్న దానిని బట్టి నాలుగు మాటలు విన్నవించెదను.

ఇంజనీరింగు విద్యార్థులకు న్యాయవాది పాఠము చెప్పుట కొందఱికి వింతగా తోచును. సిమెంటునకును సెక్షనులకును పొత్తేమని వారడుగుదురు. వంతెన యేటిమీద నిలువకమున్నే కాగితముమీద నిలువవలెను. చేయవలసిన పని, దాని కొలత, రేటు, గడువు: ఇవి యన్నియు ఒడంబడికలోనివే. వానిని పనిచోట అమలు జరుపువాడు ఇంజనీరు. న్యాయవాదికడకు కాగితములు చేరునప్పటికి తగవు ముదిరియే యుండును.

ఒక నిజమైన వ్యాజ్యము చెప్పెదను. 1944లో వంగదేశమున పౌర సరఫరాల శాఖ అధికారుల కోరికపై బి.కె. మండల్ అండ్ సన్స్ అను సంస్థ గిడ్డంగులు మొదలగునవి కట్టెను. ప్రభుత్వము వానిని వాడుకొనెను. సొమ్మడుగగా, 1935 నాటి భారత ప్రభుత్వ చట్టము 175వ సెక్షను చెప్పిన రీతిని ఒడంబడిక జరుగలేదు గనుక చెల్లదనెను. ఒడంబడిక చెల్లని మాట నిజమే. అయినను, ఉచితముగా చేయు తలంపు లేక న్యాయముగా చేసిన పని ఫలము ననుభవించినవాడు పరిహార మీయవలెనని 1872 నాటి ఒడంబడికల చట్టము 70వ సెక్షను చెప్పుచున్నది. దానిని బట్టి 1961లో సుప్రీంకోర్టు కంట్రాక్టరు పక్షమున తీర్పు చెప్పెను. న్యాయము దక్కెను గాని, పనికిని తుది తీర్పునకును నడుమ 17 ఏండ్లు గడచినవి!

ఈనాడును ప్రభుత్వపు ఒడంబడిక రాజ్యాంగము 299వ అధికరణము చెప్పిన రీతిగా జరుగవలెను. కావున నాయనలారా, అధిక పని చేయింపవలసి వచ్చినచో ముందుగా అధికారము గలవారి యుత్తరువు వ్రాతమూలకముగా తెచ్చుకొనుడు. "ముందు కానిండు, పిదప చూతము" అను మాట మీ నోట రాకుండుగాక.

గడువు సంగతి మఱియొకటి. గడువే ప్రధానమైన ఒడంబడికలో కంట్రాక్టరు ఆలస్యము చేసినను పని స్వీకరించినచో, నష్టపరిహారము కోరుదుమని ఆ స్వీకరించునప్పుడే తెలుపవలెను. లేనిచో ఆ హక్కు పోవునని 55వ సెక్షను. జరిమానా సంగతియు నిట్టిదే. ఒడంబడికలో ఎంత మొత్తము వ్రాసికొన్నను, 74వ సెక్షను క్రింద ఆ మొత్తమునకు మించకుండ న్యాయమైన పరిహారమే లభించును. వ్రాసిన యంకె యంతయు వచ్చి తీరునని యెంచరాదు.

కొలతల పుస్తకమున మీరు చేయు సంతకము చిన్నది కాదు. అందొక అంకె తప్పినచో ప్రజల సొమ్ము పోవును. బిల్లు నిలిచినచో మేస్త్రీకి పైకము రాదు, కూలివాని యింట పొయ్యి వెలుగదు. అన్యాయముగా ఇచ్చుటయు, న్యాయమైనది ఈయకుండుటయు రెండును దోషములే.

ఈ గ్రంథాలయమున ఒడంబడికల చట్టము ప్రతి యొకటి అందఱికి అందునట్లుంచవలెనని కార్యవర్గమువారిని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.