మాత్ర వేసుకున్నావా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాల్లో చదువుల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. ఫీజుల సంగతి, వీసాల సంగతి కావాల్సినవాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. ఇక్కడ మాత్రం ఒక్క చదువు గురించే చెబుతాను. మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో చదివింది. ఆర్ట్స్, హెల్త్ సైన్సెస్ కలిపిన డిగ్రీ.

ముందు నా సంగతి. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మన సోషల్ మాస్టారు నన్ను పిలిచి, "నీకు చరిత్ర బాగా వచ్చు, హెచ్.ఇ.సి. తీసుకో" అన్నారు. ఇంటికెళ్లి చెబితే నాన్న నవ్వారు. మార్కులు రానివాళ్లు కదా ఆ గ్రూపులో చేరేది! బై.పి.సి.లో చేర్పించారు. మెడిసిన్ సీటు రాలేదు, బి.ఫార్మసీ చేశాను. దాని మీద బాధేమీ లేదు, అన్నం పెట్టింది ఆ చదువే. కానీ ముప్ఫై ఏళ్ల తర్వాత మా అమ్మాయి, "నేను ఆర్ట్స్ కూడా చదువుతానమ్మా" అన్నప్పుడు నా నోట్లోంచి వచ్చింది సరిగ్గా నాన్న నవ్వే. మూడు రోజులు మాట్లాడుకోలేదు మేము.

అక్కడ ఇది వింత చదువేమీ కాదు. బి.ఏ. మూడేళ్లు, హెల్త్ సైన్సెస్ మూడేళ్లు. విడివిడిగా చదివితే ఆరేళ్లు పడుతుంది. రెండూ కలిపితే నాలుగేళ్లలో అవుతుంది. ఏడాదికి 8 చొప్పున మొత్తం 32 సబ్జెక్టులు. మామూలు డిగ్రీలో మనకు నచ్చినవి తీసుకోమని వదిలేసే చోట్లలో రెండో డిగ్రీ సబ్జెక్టులు వచ్చి కూర్చుంటాయి, అందుకే కుదురుతుంది. చివర్లో చేతికి రెండు పట్టాలు ఇస్తారు. వినడానికి బాగుంటుంది గానీ, ఇటు వాళ్ల పరీక్షల తేదీలు అటు వాళ్లకు పట్టవు. మా పిల్ల రెండు ఇళ్ల కోడలిలా తిరిగింది.

ఏం నేర్చుకుందో నాకు మొదట అర్థం కాలేదు. ఓసారి 1854 లండన్ కలరా గురించి చెప్పింది. చనిపోయినవాళ్ల ఇళ్లు మ్యాపు మీద గుర్తు పెట్టి, తప్పు బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల పంపుదని చూపించిన డాక్టర్ జాన్ స్నో కథ నాకూ తెలుసు. తను చెప్పింది హెన్రీ వైట్‌హెడ్ గురించి. ఆ పేట చర్చిలో పనిచేసే పాదిరి. స్నో చెప్పింది తప్పని నిరూపిద్దామని ఇల్లిల్లూ తిరిగి, చివరికి స్నోదే నిజమని ఒప్పుకున్నాడు. ఏ ఇంట్లో పసిపాప జబ్బుతో ఇదంతా మొదలైందో కనిపెట్టిందీ ఆయనే. ఆ పేటలో ప్రతి గడపా తెలిసిన మనిషి కాబట్టి కనిపెట్టగలిగాడు.

తను రెండో ఏడాదిలో ఉండగా కోవిడ్ వచ్చింది. 2020 జూలై 4న మెల్‌బోర్న్‌లో 9 ప్రభుత్వ అపార్ట్‌మెంట్ టవర్లను ఉన్నట్టుండి మూసేశారు. లోపల దాదాపు 3,000 మంది, చాలామంది వలస వచ్చినవాళ్లు. కిందికి చూస్తే పోలీసులు. ఎందుకు మూశారో తమ భాషలో చెప్పే మనిషి మొదట్లో చాలామందికి దొరకలేదు. జబ్బు ఆపడానికే చేశారు, కాదనను. అయితే అలా అప్పటికప్పుడు నిర్బంధించడం మానవ హక్కుల చట్టానికి తగినట్టు లేదని ఆ డిసెంబరులో అక్కడి అంబుడ్స్‌మన్ నివేదిక ఇచ్చారు. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర దీని మీద పెద్ద వాదనే జరిగింది. నేను జబ్బు వైపు, తను మనుషుల వైపు.

ఇక అసలు సంగతి. 2022లో సరిహద్దులు తెరిచాక అమ్మను తీసుకెళ్లాం. బీపీకి అమ్లోడిపిన్ వాడుతోంది. రోజూ పొద్దున్నే పనికి వెళ్తూ, "అమ్మా, మాత్ర వేసుకున్నావా?" అని అడిగేదాన్ని. "ఆఁ" అనేది. జూలైలో ఒక రాత్రి మూతి కొంచెం వంకర పోయి, మాట ముద్దగా వచ్చింది. ఆస్పత్రిలో చూస్తే బీపీ 210. ఫోన్లో దుభాషిని పెట్టారు. ఆయన చక్కని తెలుగులో, "మీకు రక్తపోటు ఉందా అమ్మా?" అని అడిగారు. అమ్మ అంత అవస్థలోనూ, "పోట్లేమీ లేవు బాబూ, మాటే తిరగట్లేదు" అంది. ఆ 'లేవు' కాస్తా ఇంగ్లీషులో 'లేదు' అయి కాగితం మీదకెక్కింది. నేను పక్కన లేకపోతే అదే ఉండిపోయేది. బీపీ అని అడిగుంటే మా అమ్మకు తెలియకపోవడమేమిటి!

దేవుడి దయ, తెల్లారేసరికి మాట తిరిగింది. ఇంటికొచ్చాక అలమరలో చీరల కింద పదకొండు మాత్రల అట్టలు దొరికాయి. ఒక్క మాత్ర కూడా తీయలేదు. నేను అరిచాను. ఫార్మసిస్టు ఇంట్లో ఇదేంటని అరిచాను. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రం మా అమ్మాయి వాళ్ల అమ్మమ్మ పక్కన చేరి కాళ్లు పడుతూ అడిగింది. "అమ్మమ్మా, ఈ మాత్ర నిన్ను ఏం చేస్తుందనుకుంటున్నావు? నీకు దేనికి భయం?" ఇవి గాలివాటంగా అడిగిన ప్రశ్నలు కావట. ఆర్థర్ క్లైన్‌మన్ అని హార్వర్డ్‌లో ఆయన, సైకియాట్రిస్టు, మానవ శాస్త్రవేత్త కూడా. తన జబ్బు గురించి రోగి మనసులో ఏముందో తెలుసుకోవడానికి 1970ల్లో ఇలాంటి ప్రశ్నలు కొన్ని రాశారు. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తలుపు దగ్గర నిలబడి అమ్మ జవాబు మాత్రం విన్నాను.

"ఈ మాత్ర వేసుకుంటే కాళ్లు వాస్తున్నాయే. మీ తాతయ్యకి కాళ్లకి నీరు పట్టిన మూడో నెలకే కదా పోయారు. ఇక్కడ పోతే నన్ను మనూరు ఎవరు తీసుకెళ్తారు?"

అమ్లోడిపిన్ కొందరికి చీలమండల దగ్గర వాపు తెస్తుంది. ఆ ముక్క నేను రోజూ కౌంటర్ మీద నుంచి ముక్కూ మొహం తెలియనివాళ్లకు చెబుతాను. అమ్మ కాళ్ల వైపు ఒక్కసారీ చూడలేదు. నాన్నకు కిడ్నీలు పాడై వచ్చిన వాపు వేరు, ఇది వేరు అని అమ్మకు చెప్పాలని తోచలేదు. అడిగింది మాత్ర గురించి, అమ్మ గురించి కాదు. మర్నాడు డాక్టరు మందు మార్చారు. వాపు రాలేదు. అమ్మ ఇప్పుడు ఈ షామియానాలోనే, మూడో వరసలో కూర్చుని నన్ను గుర్రుగా చూస్తోంది, ఇంటి గుట్టు చెబుతున్నానని.

ఈ చదువును మరీ నెత్తిన పెట్టుకుని చెప్పడం లేదు. హెల్త్ సైన్సెస్ చదివినంత మాత్రాన డాక్టరూ కారు, నర్సూ కారు, దానికి మళ్లీ వేరే కోర్సు చదవాలి. మా అమ్మాయికి ఉద్యోగం రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్లో వలస కుటుంబాలతో పనిచేస్తోంది. జీతం నా కంటే తక్కువే.

మన దగ్గరా కొంత కదలిక ఉంది. ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని 2022లో యూజీసీ అనుమతించింది, అయితే అవి రెండు వేరు వేరు చదువులు, కలిపి వండినవి కావు. ఎం.బి.బి.ఎస్.లో 2019 నుంచి రోగితో మాట్లాడటం, నైతికత కూడా పాఠాలుగా చేరాయి. అసలు ఈ రెండూ కలవడం మనకు కొత్తా? మన తెలుగు మాస్టారు ఒప్పుకుంటారు. 'అతడు అడవిని జయించాడు' రాసిన కేశవరెడ్డి గారు డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టరు. 'హౌస్ సర్జన్' రాసిన కొమ్మూరి వేణుగోపాలరావు గారూ డాక్టరే. 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రొనాల్డ్ రాస్ కవిత్వం కూడా రాశాడు.

చివరగా ఒక్క పని మీద వచ్చాను. మన సంఘం ఏటా ఇచ్చే ఉపకార వేతనం దరఖాస్తులో నాలుగో నిబంధన ఉంది: "ఎం.పి.సి., బై.పి.సి.లలో చేరినవారికి మాత్రమే." పన్నెండేళ్ల కిందట కమిటీలో ఆ మాట పెట్టమని ఈమెయిల్ రాసింది నేనే. ఈ ఏడాది మన బడిలో సోషల్‌లో మొదటి మార్కు వచ్చిన అమ్మాయి హెచ్.ఇ.సి.లో చేరిందని, అందుకే దరఖాస్తు పెట్టలేదని హెడ్‌మాస్టరు గారు పొద్దున చెప్పారు. ఆ నిబంధన తీసేయమని కాగితం రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో పెడతామన్నారు. భోజనాలు కాగానే దయచేసి ఎవరూ వెళ్లిపోకండి, చేతులెత్తడానికి మనుషులు కావాలి.