బదిలీ ఆయనది, రాజీనామా నాది

(మహిళా ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను మాట్లాడమని అడిగినప్పుడు "నేను ఉపన్యాసకురాల్ని కాను, లెక్కల టీచర్ని" అన్నాను. "అయితే మీ లెక్కే చెప్పండి" అన్నారు. అందుకని నా లెక్కే చెబుతాను. పెళ్లితోనో, భర్త బదిలీతోనో ఊరు మారి ఉద్యోగం వదులుకున్నవాళ్లు చేతులెత్తండి అంటే ఈ హాల్లో ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు.

గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో 2007లో చేరాను. తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పాను. 2016 ఆగస్టులో మా వారికి బెంగుళూరు బదిలీ అయింది. ఆ రాత్రి ఇంట్లో ఏమేం మాట్లాడుకున్నామో నాకిప్పటికీ గుర్తు. అక్కడి అద్దెలు, పాప స్కూలు, అత్తయ్యగారి మందులు, గ్యాసు కనెక్షన్, బీరువాని లారీలో వెయ్యాలా ఇక్కడే అమ్మెయ్యాలా - అన్నీ వచ్చాయి. నా ఉద్యోగం సంగతి రాలేదు. ఎవరో కావాలని దాటేశారని కాదు. మా వారు చెడ్డవారేం కాదు. నేనూ ఎత్తలేదు. చివర్లో అత్తయ్యగారే అన్నారు, "టీచరుద్యోగమేగా, ఎక్కడైనా దొరుకుతుంది" అని. ఆవిడ నన్ను ఓదార్చడానికే అన్నారు. నేనూ నమ్మాను. బీరువాకున్నపాటి చర్చ కూడా నా తొమ్మిదేళ్లకు జరగలేదని తట్టడానికి నాకు చాలా కాలం పట్టింది.

మర్నాడు రాజీనామా ఇచ్చాను. సంవత్సరం మధ్యలో వెళ్తున్నాను కాబట్టి రెండు నెలల జీతం కట్టమన్నారు. చేరిన రోజున పదో తరగతి నుంచి బి.ఇడి. దాకా నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆఫీసు బీరువాలో పెట్టించుకున్నారు. డబ్బు కడితేనే ఇస్తామన్నారు. అప్పుడు నా జీతం పన్నెండు వేలు. తమ్ముడి దగ్గర అప్పు చేసి ఇరవై నాలుగు వేలు కట్టి నా చదువు నేను విడిపించుకున్నాను. తాకట్టు కొట్లో నగ విడిపించుకున్నట్టే! ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడిగితే పోస్టులో పంపుతామన్నారు. పంపలేదు. అపాయింట్‌మెంట్ ఆర్డరు మొదట్నుంచీ లేదు. మొదటి ఆరేళ్లూ జీతం కవర్లో పెట్టి ఇచ్చేవారు. రిజిస్టరులో సంతకం చేసిన అంకె వేరు, కవర్లో ఉన్న అంకె వేరు. ఇదంతా మీకు కొత్త కాదు, మీ నవ్వులే చెబుతున్నాయి.

బెంగుళూరు చేరేసరికి ఆగస్టు నెలాఖరు. స్కూళ్లు టీచర్లను తీసుకునేది ఫిబ్రవరి నుంచి మే లోపల. బదిలీలకు ఆ సంగతి పట్టదు కదా! కె.ఆర్. పురం నుంచి వైట్‌ఫీల్డ్ దాకా కనబడిన ప్రతి స్కూలు గేటు దగ్గరా బయోడేటా ఇచ్చాను. ఒక స్కూల్లో డెమో అని మూడు రోజులు పిలిచి ఆరు పీరియడ్లు చెప్పించుకున్నారు, తర్వాత కబురు చేస్తామన్నారు. అక్కడి ఆయా మన అనంతపురం మనిషి. బయటికొస్తుంటే మెల్లిగా చెప్పింది, "ఈ వారం మా లెక్కల మేడం లీవులో ఉందమ్మా, అందుకే పిలిచినారు" అని. ఆ ఆరు పీరియడ్లకూ టీ నీళ్లు కూడా ఇవ్వలేదు.

ఇంకో స్కూల్లో నాకంటే ముందు ఫిజిక్సు పోస్టుకి ఒకాయన లోపలికెళ్లి వచ్చాడు. ఏమడిగారండీ అంటే ల్యాబు గురించి, పదో తరగతి రిజల్ట్సు గురించి అన్నాడు. నన్నడిగినవి ఇవీ: మీ వారు ఏ కంపెనీ? ఇక్కడ ఎన్నాళ్లుంటారు? పాప ఒక్కతేనా, ఇంకొకరిని కనే ఆలోచన ఉందా? లెక్కల గురించి ఒక్క ప్రశ్న లేదు. 1976 నాటి సమాన వేతన చట్టమే ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపకూడదంది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంది. అప్పుడు నాకు తెలియదు. తెలిసినా అడిగేదాన్నని చెప్పలేను. ఉద్యోగం కావాల్సిన మనిషి చట్టం మాట్లాడితే ఇంటర్వ్యూ అక్కడితో సరి.

భాష సంగతి కూడా చెప్పాలి. నా ఇంగ్లీషులో తెలుగు యాస ఉందని రెండు చోట్ల వద్దన్నారు. మంచిదే, గుంటూరు నుంచి వచ్చినదాన్ని, ఉండక ఏముంటుంది? కానీ సర్కారు బడికి కన్నడం రావాలంటే మాత్రం నేను తప్పుపట్టను. పల్లెటూరి పిల్లవాడికి భిన్నాలు వాడి భాషలో చెప్పగలగాలి. పాప కన్నడ వాచకం పక్కన పెట్టుకుని నేనూ నేర్చుకున్నాను. లిపి మన లిపికి అక్కచెల్లెలు, తలకట్టు దగ్గరే తికమక. అసలు మన దగ్గర మాత్రం హద్దులు లేవా? 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో స్థానికత ప్రధానంగా చదువుకున్న చోటును బట్టే. గుంటూరులో చదివి అనంతపురం కోడలైన పిల్ల అక్కడ నాన్‌లోకల్. ఊరు మారేది ఆడపిల్ల, రూలు రాసేటప్పుడు ఆ మారడం ఎవరికీ గుర్తుండదు.

2017 జూన్‌లో ఒక స్కూల్లో దొరికింది. పద్నాలుగు వేలు. తొమ్మిదేళ్ల అనుభవం అంటే కాగితమేదీ అన్నారు. కొత్తగా బి.ఇడి. చేసి వచ్చిన అమ్మాయికిచ్చిన జీతమే నాకూ. "మీ వారి జీతం ఉందిగా" అన్నారు మేనేజరు. 2012లో నేను ఏపీ టెట్ పాసయ్యాను. ఇది మీ రాష్ట్రానిది, ఇక్కడ చెల్లదన్నారు. అప్పుడు సి-టెట్ సంగతి తెలిసింది. అది కేంద్రీయ విద్యాలయాలకూ నవోదయలకూ పనికొస్తుంది. ప్రైవేటు స్కూళ్లు ఆ రాష్ట్రం టెట్‌నో, సి-టెట్‌నో దేన్నయినా తీసుకోవచ్చు. పరీక్షలో ఒక భాషగా తెలుగే ఎంచుకోవచ్చు. 2018 డిసెంబరులో రాసి పాసయ్యాను. అప్పట్లో ఏడేళ్లే చెల్లేది, 2021లో టెట్ సర్టిఫికెట్లన్నిటికీ జీవితకాలం చేశారు. ఊళ్లు మారే అవకాశమున్న చెల్లెళ్లు సొంత రాష్ట్రం టెట్‌తో ఆగకుండా ఇది కూడా రాసి పెట్టుకోండి. ఒకటి నుంచి ఎనిమిది దాకా చెప్పే పాతవాళ్లకూ ఇది తప్పేట్టు లేదు. ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ సర్టిఫికెట్‌తో 2019లో ఇప్పుడున్న స్కూల్లో చేరాను. అపాయింట్‌మెంట్ ఆర్డరు చేతికిస్తేనే చేరతానన్నాను. ఒరిజినల్స్ చూపిస్తాను, ఇవ్వనన్నాను. చెబుతుంటే కాళ్లు వణికాయి. ఇచ్చారు, చేరాను.

ఇప్పుడు అసలు లెక్క. గ్రాట్యుటీ చట్టం 1972ది. టీచర్లు అందులో ఉద్యోగుల కిందికి రారని 2004లో సుప్రీంకోర్టు అంది. 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా టీచర్లను చేర్చింది. ప్రైవేటు స్కూళ్లు కోర్టుకెళ్లాయి. 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చింది. ఆ వార్త పేపర్లో చదివి స్టాఫ్ రూములో బోర్డు మీదే లెక్క వేశాను. ఆఖరి జీతం పన్నెండు వేలు, ఇంటూ పదిహేను, బై ఇరవై ఆరు, ఇంటూ తొమ్మిదేళ్లు. అరవై రెండు వేల మూడు వందల చిల్లర. అంతా చూస్తూ ఉండిపోయారు. నాకు రావాల్సింది అంత, నేను ఎదురు కట్టి వచ్చింది ఇరవై నాలుగు వేలు!

గుంటూరు స్కూలుకి రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు పంపాను. జవాబు లేదు. కార్మిక శాఖ అధికారి దగ్గర వేశాను. ఆలస్యమైంది కాబట్టి చెల్లదన్నారు వాళ్లు. ఆలస్యానికి కారణం చెప్పుకుంటే వింటారు, ఆ ఒక్క మాట మీదే కొట్టెయ్యరు. అప్పుడు రెండో మాట అన్నారు. ఈవిడ 2013లోనే చేరింది, మూడేళ్లే చేసింది, ఐదేళ్లు నిండలేదు కాబట్టి హక్కు లేదని. పి.ఎఫ్. మొదలుపెట్టిందీ, జీతం బ్యాంకులో వేసిందీ 2013లో మరి. ముందరి ఆరేళ్లు కవర్లతో పాటే పోయాయి.

నేనక్కడ పని చేశానని నేనే రుజువు చేసుకోవాలి. పాత పిల్లలకు కబురు పెట్టాను. ఒక అబ్బాయి తెనాలిలో మందుల షాపులో ఉంటాడు. వాళ్లమ్మ ట్రంకుపెట్టెలో దాచిన 2009 ప్రోగ్రెస్ కార్డు పంపాడు. తొమ్మిదో తరగతి, క్లాస్ టీచరు సంతకం నాది. లెక్కల్లో ముప్పై ఒకటి. "నా మార్కులు చూడకండి మేడం, మీ సంతకం చూసుకోండి" అన్నాడు. అలాంటివి నాలుగు దొరికాయి. రెండు గ్రూపు ఫొటోలు దొరికాయి. అధికారి ఒప్పుకున్నారు. 2024లో డబ్బు చేతికొచ్చింది. తమ్ముడి బాకీ ఎప్పుడో తీరిపోయింది, అయినా వాడికి చీర పెట్టలేను కాబట్టి మరదలికి పెట్టాను.

మీరు ఈ రోజు ఇంటికెళ్లగానే ఒక ఫైలు పెట్టండి. అపాయింట్‌మెంట్ ఆర్డరు, పే స్లిప్పులు, బ్యాంకు పాసుబుక్కు, టైం టేబుళ్లు, మీ సంతకమున్న ఏ కాగితమైనా. పి.ఎఫ్. ఉంటే మీ యు.ఎ.ఎన్. ఖాతాలో చేరిన తేదీ సరిగ్గా పడిందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఉద్యోగం మానేశాక అడిగితే ఎవరూ పలకరు.

2025లో మా వారికి మళ్లీ బదిలీ అయింది, పూణె. ఈసారి ఇంట్లో మొదట వచ్చిన మాట నా ఉద్యోగమే. ఎందుకంటే నేనే ఎత్తాను. నాలుగు రోజులు మాటలు సరిగ్గా సాగలేదు. అత్తయ్యగారు మాత్రం "వాడికి వంట చేసుకోవడం నేర్పకపోవడం నా తప్పే" అన్నారు. జూన్‌లో ఆయన వెళ్లారు. నెలకోసారి వస్తున్నారు. తేలికగా ఉందని చెప్పను. పాప నాన్న కోసం ఏడ్చిన రోజులున్నాయి, ఇద్దరు పిల్లల్లా రెండిళ్ల ఖర్చు నెత్తి మీద కూర్చుంది. వచ్చే ఏడాది ఏం చేస్తామో ఇంకా తేల్చుకోలేదు. ఆయన తిరిగి రావడానికి దరఖాస్తు పెట్టుకున్నారు. నేను పూణె కేంద్రీయ విద్యాలయం ప్రకటనలు చూస్తున్నాను.

ఇక ఆపుతాను. గ్రాట్యుటీ దరఖాస్తు నకలు తెచ్చాను, కావాల్సినవాళ్లు టీ విరామంలో రాసుకోండి.