అనలాగ్ డిలేనా, డిజిటలా? పెడల్ కొనేముందు ఈ చిన్న లెక్క వేయండి

గిటార్‌కి మొదటి డిలే పెడల్ కొనేవాళ్లు చాలామంది అడిగేది ఒకటే. "అనలాగ్ సౌండ్ వార్మ్‌గా ఉంటుందట కదా బ్రో, అదే తీసుకోనా?" నేనూ ఆ మాట నమ్మే, జాబ్‌లో చేరిన కొత్తలో రెండు నెలలు డబ్బులు దాచి అనలాగ్ కొన్నాను. సౌండ్ సూపర్. కానీ రిహార్సల్‌లో అడ్డంగా బుక్కయ్యాను.

పాట 120 బీపీఎం. నాకు కావాల్సింది డాటెడ్ ఎయిత్ డిలే, అంటే బీట్‌లో ముప్పావు వంతు. 60,000ని 120తో భాగిస్తే ఒక బీట్ 500 మిల్లీసెకన్లు. దాంట్లో ముప్పావు 375. నా పెడల్ నాబ్ మొత్తం తిప్పినా 300 దగ్గరే ఆగిపోయింది. మా డ్రమ్మర్ స్టిక్స్ పక్కన పెట్టి, "ఏంట్రా, నీ ఎకో నాకన్నా ముందే వచ్చేస్తోంది" అన్నాడు.

ఎందుకు ఆగిపోయింది? అనలాగ్ డిలేలో ఉండేది బకెట్ బ్రిగేడ్ చిప్. 1969లో ఫిలిప్స్ ఇంజనీర్లు శాంగ్‌స్టర్, టీర్ కనిపెట్టారు. ఇంటికి స్లాబ్ పోసేటప్పుడు మనుషులు వరుసగా నిలబడి కాంక్రీట్ తట్టలు చేతులు మార్చుకుంటారు చూడండి, అచ్చం అలాగే. చిప్‌లోని బుల్లి కెపాసిటర్లు మన సిగ్నల్‌ని ఒకదాన్నుంచి ఇంకోదానికి అందిస్తాయి. ఎక్కువ లేటు కావాలంటే తట్టలు మెల్లగా అందించాలి, అంటే క్లాక్ స్పీడ్ తగ్గించాలి. 4096 స్టేజీల చిప్‌లో 300 మిల్లీసెకన్లకి క్లాక్ దాదాపు 6.8 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. అందులో సగం, 3.4 కిలోహెర్ట్జ్ దాటిన సౌండ్ సరిగ్గా రాదు. అందుకే ఫిల్టర్ పెట్టి ట్రెబుల్ కోసేస్తారు. మనం వార్మ్ అని మురిసిపోయేది చాలావరకు ఈ కోతనే!

డిజిటల్‌లో సౌండ్ అంకెలుగా మారి మెమరీలో కూర్చుంటుంది. ఎంతసేపు కూర్చున్నా అరగదు. 1983లో వచ్చిన బాస్ డీడీ-2 అంత చిన్న డబ్బాలోనే 800 మిల్లీసెకన్లు ఇచ్చింది.

అలాగని నా అనలాగ్‌ని అమ్మలేదు. సింగర్ పాడుతుంటే వెనకాల చిన్న ఫిల్స్ వాయిస్తాం కదా, అక్కడ డిజిటల్ రిపీట్ అసలు నోట్ అంత క్లియర్‌గా వచ్చి లిరిక్ మీద పడుతుంది. అనలాగ్ రిపీట్ కాస్త మసకగా వెనక్కి తగ్గుతుంది. ఆ మర్యాద నాకిష్టం.

ఒక్కటే కొనే బడ్జెట్ ఉంటే మాత్రం నా ఓటు డిజిటల్‌కే. ట్యాప్ టెంపో, టోన్ నాబ్ రెండూ ఉన్నది చూడండి. టోన్ తగ్గిస్తే ఆ మసక కొంత దానిలోనూ వస్తుంది. ట్యాప్ టెంపో లేకపోతే స్టేజ్ మీద వంగి నాబ్ వెతుక్కోవాలి, నడుం నొప్పి గ్యారంటీ.

షాప్‌కి వెళ్లేముందు మీరు ఎక్కువగా వాయించే మూడు పాటల బీపీఎం ఫోన్‌లో రాసుకుని, ఇందాకటి లెక్క వేయండి. మూడూ 300 లోపే వస్తే అనలాగ్ ధైర్యంగా కొనేయండి. దాటితే, ఎంఎక్స్‌ఆర్ కార్బన్ కాపీ లాంటివి అనలాగ్‌లోనే 600 దాకా వెళ్తాయి. డబ్బా మీద మ్యాగ్జిమమ్ డిలే టైమ్ ఎంతో చదివాకే బిల్లు వేయించండి.