నీలగిరి రైలుమార్గం – బ్రేకు విద్య



మేట్టుపాళయం నుండి ఉదకమండలం వరకు 46 కిలోమీటర్ల నీలగిరి రైలుమార్గం 1908లో పూర్తి అయినది. కల్లారు, కూనూరుల నడుమ కొన్నిచోట్ల దాదాపు పన్నెండు అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరుగుతుంది. అందువల్ల పట్టాల మధ్య పళ్ల కమ్మీలు అమర్చబడినవి. ఇంజనులోని పళ్లచక్రం వాటిని పట్టుకొని పైకి సాగుతుంది.

ఈ భాగంలో ఇంజను వెనుక నుండి బండిని నెట్టుతుంది. డ్రైవరుకు ముందుదారి కానరాదు. మొదటి పెట్టెపై నిలిచిన బ్రేకు ఉద్యోగి చూపే జెండాయే ఆయనకు కన్ను.

చిరకాలం పురుషులదిగానే సాగిన ఈ విద్యను అభ్యసించే యువతికి మొదటి పాఠం బలం కాదు, ఏకాగ్రత. ఇంజను కూతకు, జెండాకు అర్థం క్షణంలో గ్రహించాలి. దిగేటప్పుడు బ్రేకు మితిమీరి బిగిస్తే చక్రం పట్టాపై జారుతుంది. వదులైతే వేగం హెచ్చుతుంది. ఆ మధ్యనున్న మేరను చేయి నేర్చుకోవాలి. వానలో, మంచులో పట్టాలు తడిసినప్పుడు ఆ మేర కూడా మారుతుంది.

కనుక ఆమెకు కావలసినది సానుభూతి కాదు. తోటి పురుషునికిచ్చే పాఠమే, పరీక్షే, బాధ్యతే. దేశం నలుమూలల నుండి వచ్చిన ప్రయాణికులు ఆమె పేరు ఎరుగకపోవచ్చు. వారు క్షేమంగా దిగి వెళ్లడమే ఆమె ఉత్తీర్ణత.